నవమినాటి కుట్టు

"ఇంకోసారి చూస్తారా?" అన్నాడు డాక్టర్ రఘునాథ్. అడిగిన తీరులో విసుగుంది. ఆ విసుగును దాచుకోవాలన్న మర్యాద మాత్రం లేదు.

"చూస్తాను," అంది సత్యవేణి.

ఇది మూడోసారి. తెర మీద బూడిదరంగు మసక. ఆ మసకలో ఒక నల్లటి గొట్టం, దానికి పక్కనుంచి వచ్చి అతుక్కున్న ఇంకో గొట్టం. రెండూ కలిసినచోట ఎర్రరంగు ఒక్క ఊపున లోపలికి దూకి సాఫీగా జారిపోతోంది. అట్టడుగున ఒక ఆకుపచ్చ గీత లేస్తూ పడుతూ పాకుతోంది. తెర పైభాగాన సుబ్బరాజు పేరు, ఆపరేషన్ తేదీ కనిపిస్తున్నాయి.

మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కేబుళ్ళు వేయించే కాంట్రాక్టరు సుబ్బరాజు. మహర్నవమి నాడు పొద్దున్నే ఛాతీ పట్టుకుని ఈ ఆసుపత్రికి వస్తే అప్పటికప్పుడు బైపాస్ చేశారు. ఆ రాత్రే ఐసీయూలో ప్రాణం పోయింది. విజయదశమి నాడు దహనం కూడా అయిపోయింది, పోస్టుమార్టం ఊసే రాలేదు. తరువాత భార్య గంగాదేవి ఎందుకు పోయాడు, ఎలా పోయాడు అని నిలదీయడం మొదలుపెట్టేసరికి ఆసుపత్రివాళ్ళే పోలీసుల దగ్గరికి పరిగెత్తారు. డ్యూటీ నర్సు ఆలిస్ పొటాషియం ఇంజక్షన్ని గబగబా ఎక్కించేసిందనీ, అందుకే గుండె ఆగిందనీ ఫిర్యాదు.

ఆ ఆలిస్ ఇప్పుడు తలుపు అవతల బెంచీ మీద, ఆడ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది. కింద జీపు సిద్ధంగా ఉంది. ఇవాళ అరెస్టయితే ఆ పిల్ల మళ్ళీ తెల్ల యూనిఫాం వేసుకోవడమన్నది కల్ల.

విచిత్రమేమిటంటే, రాంగోపాల్‌పేట్‌లోని సత్యవేణి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి ఈ కేసు అప్పజెప్పింది గంగాదేవే. "ఆ పిల్ల నా కళ్ళెదుటే ఆయన ఛాతీ నొక్కీ నొక్కీ చేతులు వాచిపోయి కూలబడిందమ్మా. చంపినవాళ్ళు అంత కష్టపడతారా?" అంది. సత్యవేణికి ఆ ఒక్క ప్రశ్నా చాలింది. ఆ రోజునుంచి కంటిమీద కునుకు లేకుండా తిరుగుతోంది.

"మామూలు మనుషులకి అర్థమయ్యేలా చెప్పండి డాక్టర్ గారూ. ఇది ఏం చూపిస్తోంది?"

"అల్ట్రాసౌండ్. కడుపు మీద పెట్టి చూస్తారే, అదే. కాకపోతే ఈ పరికరం బొటనవేలంతే ఉంటుంది. ఛాతీ తెరిచి ఉండగానే, కొత్త రక్తనాళం కుట్టినచోట తిన్నగా గుండె మీదే ఆనిస్తాం. కుట్టు లోపల ఎలా పడిందో కనిపిస్తుంది. సూది పొరపాటున అవతలి గోడను కూడా పట్టేస్తే దారి మూసుకుపోతుంది. అలా కనిపిస్తే అక్కడికక్కడే విప్పి మళ్ళీ కుడతాం. ఇక్కడ చూడండి, రక్తం ఎంత ఫ్రీగా వెళ్తోందో. ఈ కుట్టు పర్ఫెక్ట్. కుట్టు బాగుంటే మనిషి ఎందుకు పోయినట్టు? ఆ జవాబు బయట బెంచీ మీద కూర్చుంది."

గోడకు ఆనుకుని నిలబడ్డ సీఐ పర్వతాలు మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "ఇంకేం గావాలె తల్లీ? బొమ్మ జూసినవు. షాణా జూసినవు. ఇగ నడు."

"ఈ పరికరాన్ని పట్టుకున్నది ఎవరు?" సత్యవేణి ఆయన వైపు చూడనే లేదు.

"నేనే."

"ఈ యంత్రం ఎక్కడుంటుంది?"

"థియేటర్లో."

"ఎప్పుడూనా?"

"గుండె తెరిచే చోట ఉండాలి గాని క్యాంటీన్లో ఉండదు కదమ్మా. దాన్ని థియేటర్ నుంచి కదిలించే ప్రసక్తే లేదు. దీనితో పరీక్షించకుండా నేను ఒక్క ఛాతీ కూడా మూయను. రోడ్డు మీద హోర్డింగు చూసే ఉంటారు, ప్రతి కుట్టుకూ పరీక్ష అని."

చూసింది. బేగంపేట దారిలో తాటికాయంత అక్షరాలతో ఉంది. ఆయన ఫోటో అక్షరాలకన్నా పెద్దగా ఉంది.

"అయితే ఆ యంత్రాన్ని ఒకసారి చూస్తాను," అంటూ లేచింది.

పర్వతాలు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "గిట్ల ఎన్ని రోజులు తిప్పుతవమ్మా? నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్. ప్రైవేటు డిటెక్టివ్‌వి, ఏదో పెద్దమ్మ పైసలిస్తున్నదని తిరుగుతున్నవు. మంచిదే. పోలీసు పనికి అడ్డమొస్తే మాత్రం నిన్ను సుత జీపెక్కిస్త."

"ఎక్కించండి సీఐ గారూ. కానీ చూశాకే. యంత్రం చూడనిచ్చారు కాదని గంగాదేవి గారు రేపు కోర్టులో అంటే, అడిగేది మిమ్మల్నే."

పర్వతాలు పళ్ళు కొరికాడు. కోర్టు మాట ఆయనకు ఒంటికి పడదు. "ఈ డాక్టరు సాబు ఎవరనుకున్నవు? మా తుకారామన్నను బతికిచ్చిండు, మొన్న దసరాలనే. మా అన్న నాకు అయ్య లెక్క. గసుంటి మన్షి మీద బురద జల్లుతుంటే నేను జూస్త ఊకోను."

"బురద చల్లడం లేదండీ. ఉందేమో చూస్తున్నాను, అంతే."

థియేటర్‌లో ఆ మధ్యాహ్నం ఆపరేషన్లేవీ లేవు. పచ్చ గౌను, తలకు టోపీ, కాళ్ళకు వేరే చెప్పులు. ఆ టోపీలో మీసం తప్ప మరేమీ మిగలని పర్వతాలును చూసి సత్యవేణికి నవ్వొచ్చింది గాని ఆపుకుంది. దారి చూపడానికి మత్తు డాక్టర్ యోగితను పంపించారు. ముప్ఫై దాటని మనిషి. చేతులు పదేపదే జేబుల్లో పెట్టి తీస్తోంది. సుబ్బరాజు ఆపరేషన్‌లో మత్తిచ్చింది ఆవిడే.

లోపలికి అడుగుపెడుతుండగా పర్వతాలు ఫోను మోగింది. "ఆఁ వదినా... మళ్ళ గ్యాసా? పొద్దుగాల బజ్జీలు తిన్నడా? తింటడు, ఎవలు జెప్తె వింటడు! ఎడమ దిక్కు పట్టినట్టుందా? గది గ్యాసే వదినా. సోడా తాగిపియ్యి. జెర అటూఇటూ నడువుమను, తగ్గుతది." ఫోను జేబులో వేసుకుని, ఎవరూ అడక్కపోయినా చెప్పాడు. "మా తుకారామన్న. గుండెకు కొత్త పైపులేసినా నాలుకను ఆపెటోడు లేడు."

యంత్రం ఒక మూల ఉంది. నడుమెత్తు బండి, పైన తెర, పక్కన కొక్కేనికి చుట్టిన సన్నటి తీగ, తీగ చివర బొటనవేలంత పరికరం. ముందు భాగం అద్దంలా మెరుస్తోంది. స్పిరిట్ పెట్టి రోజూ తుడుస్తారని యోగిత చెప్పింది.

ముందు భాగం ఎవరైనా తుడుస్తారు. సత్యవేణి మోకాళ్ళ మీద కూర్చుని యంత్రం వెనకవైపుకు వంగింది. టార్చి వేసింది. వెనక పలక అంచున, మర బిగించే గుంటలో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో గీరింది. కుంకుమ. ఇంకా కిందికి వంగింది. చక్రం ఇరుసుకు ఒక తెల్లదారం చుట్టుకుని బిగుసుకుపోయింది, దారానికి ఎండి నల్లబడ్డ బంతిపూల రేకులు.

"దొరికిందా దొంగ?" అన్నాడు పర్వతాలు వెటకారంగా.

"దొరికేలా ఉంది. ఇవేమిటి సీఐ గారూ?"

ఆయన వంగి చూశాడు. "గిదా? ఆయుధ పూజ. దండేసి బొట్టు పెట్టిన్రు. మా స్టేషన్ల తుపాకులకు సుత పెడ్తం. గిందుల పరేషాన్ ఏముంది?"

"బొట్టు పెట్టాక ఆ రోజు ఆ తుపాకీ తీస్తారా?"

"గట్లెట్ల తీస్తం? నవమి నాడు పూజల పెడ్తె ముట్టద్దు. దశమి నాడు దండం బెట్టి తీస్తం." చెప్పడం పూర్తిచేశాడు గాని, తను ఏం చెప్పాడో ఆయనకింకా ఎక్కలేదు.

సత్యవేణికి ఎక్కింది. ఆమె తండ్రి విజయనగరం నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరినవాడు. నవమి నాడు పానాలన్నీ పీట మీద పేర్చి పసుపు కుంకాలు పెట్టేవాడు. ఒక ఏడాది అదే రోజు ఇంట్లో కుళాయి ఊడి, వంటిల్లంతా నీళ్ళయినా పీట మీదున్న పానా ముట్టుకోలేదు. గుడ్డలు కుక్కి, బకెట్లు పెట్టి, తెల్లవార్లూ నీళ్ళు తోడాడు. "పూజలో ఉందే తల్లీ, ఎలా తీస్తాను?" అన్నాడు. కుళాయి అయితే గుడ్డ కుక్కి ఆపొచ్చు.

ఆమె లేచి యోగితకు ఎదురుగా నిలబడింది. "డాక్టర్ గారూ, థియేటర్లోకి పువ్వు రేకు కూడా రానివ్వరు కదా? మరి ఈ పూజ ఎక్కడ చేశారు?"

యోగిత చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. "అది... నాకు తెలీదండీ."

"బయట బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆ రాత్రి పొటాషియం రాసింది ఎవరు?"

"నేనే."

"ఆలిస్ మీరు రాసినట్టే సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించిందని మీకు తెలుసు. తెలిసీ ఆ పిల్ల జీపెక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడతారా?"

యోగిత కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తరువాత మాటలు వాటంతటవే వచ్చాయి.

"నవమి నాడు ముందుగా అనుకున్న ఆపరేషన్లు పెట్టుకోరండీ. అందుకని తప్పనిసరి కానివన్నీ బయటి హాల్లోకి తోసుకెళ్ళి పూజ చేస్తారు. ఈ యంత్రం లేకపోయినా ఆపరేషన్ ఆగదు కదా, దీన్నీ పెట్టేశారు. చైర్మన్ గారి అమ్మగారు హారతిచ్చి, హాలుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్ళిపోతారు. దశమి పొద్దున్న ఆవిడ వచ్చాకే తలుపు తీసేది. ఏటా అంతే."

"తాళం వేశాక సుబ్బరాజు వచ్చాడు."

"అవును. కుట్లు అయ్యాక తాళం పగలగొట్టిద్దాం సార్ అన్నాను. ఆయన నవ్వారు. ఇన్నేళ్ళు ఏ యంత్రం చూసి కుట్టాను, నా చేతికి సాక్షి కావాలా అన్నారు. ఛాతీ మూసేశారు." యోగిత జేబులోంచి చెయ్యి తీసి కళ్ళు తుడుచుకుంది. "ఆయన మాట కాదంటే ఈ ఊళ్ళో నాకింకో థియేటర్ దొరకదండీ. భయపడ్డాను. సిగ్గులేకుండా భయపడ్డాను."

సత్యవేణికి ఆవిడ మీద జాలీ కలిగింది, కోపమూ వచ్చింది. రెండింటికీ ఇప్పుడు టైము లేదు. "రండి," అంది.

పర్వతాలు మాత్రం కదల్లేదు. "ఆగు. ఆ బొమ్మ మరి? పైన పేరుంది, తారీఖుంది. హాల్ల తాళమేసి ఉంటే బొమ్మెట్ల వచ్చింది?"

"ఆయన్నే అడుగుదాం."

రఘునాథ్ కుర్చీలోంచి లేవలేదు. అంతా విని టేబుల్ మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. "ఎండిన పువ్వు చూసి కేసు కట్టేస్తారా? మత్తిచ్చే అమ్మాయికి కుట్టు గురించి ఏం తెలుసు? ఇంక్రిమెంటు ఇవ్వలేదని ఈ ఏడుపు. పూజకు ఓ అరగంట తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చేశారు."

"ఇందాక యంత్రాన్ని కదిలించే ప్రసక్తే లేదన్నారు," అంది సత్యవేణి.

పేపర్‌వెయిట్ ఆగింది.

"సరే, తెచ్చేశారనే అనుకుందాం. వీడియో ఇంకోసారి వేయండి. ఈసారి నేను కుట్టు చూడను. కింద ఆకుపచ్చ గీత చూస్తాను. అది గుండె దెబ్బే కదా?"

యోగితే వచ్చి మీట నొక్కింది. గీత పాకింది. లేచింది, పడింది. మళ్ళీ అంతే ఎడంలో లేచింది, పడింది. బడిపిల్లలు వరసలో నడిచినట్టు బుద్ధిగా సాగుతోంది.

"గంగాదేవి గారు నాకో మాట చెప్పారు. సుబ్బరాజు గారి గుండె ఏళ్ళ తరబడి లయ తప్పి కొట్టుకునేదట. రాత్రిళ్ళు ఆవిడ ఆయన ఛాతీ మీద చెవి పెట్టి పడుకుంటే, ఒక దెబ్బ తొందరగా, ఒక దెబ్బ ఆలస్యంగా పడేదట. రెండు దెబ్బలు ఒక్కలా పడిన రాత్రి తనకు గుర్తు లేదన్నారు. ఈ గుండె చూడండి డాక్టర్ గారూ. ఇది ఎవరిది?"

"మత్తులో ఒక్కోసారి లయ సర్దుకుంటుంది. మీకు తెలీని విషయాల్లో..."

"సర్దుకోలేదు సార్." యోగిత గొంతు చిన్నదే గాని వణకలేదు. "మొదటినుంచి చివరిదాకా ఆయన తల దగ్గర కూర్చున్నది నేను. ఒక్క నిమిషం కూడా సర్దుకోలేదు. వీడియో లేకుండా ఇక్కడ ఏ ఫైలూ మూయకూడదు. అందుకే పాత పేషెంటు వీడియో తీసి ఈయన పేరుతో పెట్టారు. అవునా కాదా మీరే చెప్పండి."

రఘునాథ్ ముఖంలో రక్తం లేదు. అయినా బింకం పోలేదు. "కంప్యూటర్లో ఎక్కడో పేరు తారుమారై ఉంటుంది. పొరపాటు. దానికి నన్నేం చేయమంటారు?"

"పొరపాటే అనుకుందాం," అంది సత్యవేణి. "పొరపాటైతే ఒక్కసారే జరుగుతుంది. ఆ నవమి నాడు ఈ థియేటర్లో ఇంకో ఆపరేషన్ ఏమైనా జరిగిందా?"

యోగిత ఉలిక్కిపడింది. ఆ సంగతి ఇప్పుడే తట్టినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "జరిగింది. సాయంత్రం. అదీ అర్జెంటు కేసే. అప్పటికీ హాలు తాళం వేసే ఉంది."

"ఆ వీడియో తీయండి. దీని పక్కన పెట్టండి."

యోగిత మీటలు నొక్కింది. తెర రెండు భాగాలైంది. రెండింట్లోనూ బూడిదరంగు మసక, రెండింట్లోనూ ఎర్రరంగు దూకింది. ఎడమవైపు మూల ఒక తెల్ల మచ్చ మిణుక్కుమంటే, అదే క్షణాన కుడివైపు కూడా అదే మూల మిణుక్కుమంది. కింద రెండు గీతలూ కలిసి లేచాయి, కలిసి పడ్డాయి.

రెండు పేర్లకూ ఒకే గుండె.

"దొరికావయ్యా!" అంది సత్యవేణి పైకే. ఇన్నాళ్ళ పట్టుదల ఒక్కసారి ఒళ్ళంతా వెచ్చగా పాకింది. ఆలిస్ బెంచీ మీంచి లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ మాటే చెబుదామని పర్వతాలు వైపు తిరిగి, ఆగిపోయింది.

ఆయన తెరకు బాగా దగ్గరగా వచ్చాడు. కుడివైపు బొమ్మ పైనున్న ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. వేలు చివరి అక్షరం దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"తుకారాం," అన్నాడు. "గిది మా అన్న పేరు."

ఆయన రఘునాథ్ వైపు తిరిగాడు.

"డాక్టరు సాబ్, గిది మా అన్న బొమ్మ గాదా? మా అన్న కుట్టు జూడలేదా నువ్వు? నీ కాళ్ళు మొక్కిన గదయ్యా ఆ దినం." ఆయన గొంతులో అధికారం లేదు, తిట్టు కూడా లేదు. రఘునాథ్ చేతులు టేబుల్ కిందికి వెళ్ళిపోయాయి.

సత్యవేణికి ఇందాకటి ఫోను మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొద్దుటినుంచి గ్యాసు. ఎడమ వైపు. సోడా తాగించు. నడవమను.

"సీఐ గారూ, ఇంటికి ఫోన్ చేయండి. వెంటనే!"

పర్వతాలు జేబులోంచి ఫోను తీశాడు. ఫోను జారి కిందపడబోతే సత్యవేణి పట్టుకుని, తనే నొక్కి, స్పీకరు పెట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. ఈ కేకలకు తలుపు తెరుచుకుంది. ఆడ కానిస్టేబుల్, ఆవిడ వెనకాలే ఆలిస్.

"ఆఁ మరిదీ," అంది అవతల ఆడగొంతు తాపీగా. "సోడా తాగిండు. నువ్వు జెప్పినట్టే మిద్దె మీద జెరసేపు నడిచిండు. గిప్పుడే పండుకున్నడు. లేపాల్నా?"

ఆలిస్ ఎవరి వైపూ చూడకుండా వచ్చి సత్యవేణి చేతిలోంచి ఫోను అందుకుంది.

"అమ్మా, నేను ఆసుపత్రి నుంచి నర్సుని. ఆయనకి చెమట పడుతోందా? ముట్టుకుని చెప్పండి."

"పడ్తుంది బిడ్డా. బనీను మొత్తం తడిసింది. ఒళ్ళు సల్లగున్నది."

"ఆయన్ని లేపి నడిపించొద్దు. ఒక్క అడుగు కూడా వద్దు. వీధి తలుపు తీసి పెట్టండి, మేం వస్తున్నాం. ఫోన్ పెట్టేయకండి." ఆలిస్ తలెత్తి యోగిత వైపు చూసింది. "అంబులెన్స్ కూడా పంపండి మేడమ్, ఏది ముందొస్తే అది. సార్, మీ ఇల్లెక్కడ?"

"చిలకలగూడ," అన్నాడు పర్వతాలు.

"అయితే దగ్గరే. కింద జీపుందిగా, పదండి."

"థియేటర్ నేను సిద్ధం చేస్తాను," అంది యోగిత. "అవతలి ఆసుపత్రి సర్జన్‌ని పిలిపిస్తాను. ఈసారి ముందు యంత్రం వస్తుంది, తరవాతే మనిషి." రఘునాథ్ ఏదో అనబోయాడు గాని వినేవాళ్ళు లేరు. ఆడ కానిస్టేబుల్ని ఆ గది గుమ్మంలోనే నిలబెట్టి, సత్యవేణి మెట్లవైపు పరిగెత్తింది.

తనను తీసుకుపోవడానికి వచ్చిన జీపులోకి అందరికన్నా ముందు ఆలిసే ఎక్కింది. ఫోను చెవికి నొక్కి పట్టుకుని ఉంది. పక్కన పర్వతాలు టోపీ చేతుల్లో నలుపుతూ, చిన్నపిల్లాడిలా ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. జీపు గేటు దాటుతుండగా ఫోనులో ఆ తాపీ గొంతు కాస్తా మారిపోయింది.

"బిడ్డా! పిలిస్తె పలుకుతలేడు! ఊపిరి సుత తీస్తలేడు!"

పర్వతాలు నోట్లోంచి మనిషిది కానట్టు ఒక శబ్దం వచ్చింది. ఆలిస్ ఒక చేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"భయపడకండమ్మా. ఆయన్ని నేల మీదికి దించండి. ఛాతీ నడుమ మీ రెండు చేతులూ పెట్టండి. కుట్టు ఉన్నా ఫర్వాలేదు, గట్టిగా నొక్కండి. నేను లెక్కపెడతాను, మీరు ఆపొద్దు," అంది.